చలివేంద్రం

చలివేంద్రం లేదా చలిపందిరి అనగా వేసవికాలంలో బాటసారులకు ఉచితంగా మంచినీరు గాని, మజ్జిగ గాని ఇచ్చుటకు దారి పక్కన ఏర్పాటు చేసే పందిరి. దీనికి సంస్కృతంలో "ప్రప" అని పేరు. దాహంతో వచ్చినవారి ఊరు, పేరు, కులం, మతం అడగకుండా నీరు ఇవ్వడం దీని ముఖ్య ధర్మం. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు సాధారణంగా ఒకరికొకరు అపరిచితులు.

చరిత్ర

బాటసారులకు నీటి వసతి కల్పించడం భారతదేశంలో చాలా పాత ఆచారం. క్రీ.పూ. 3వ శతాబ్దానికి చెందిన అశోకుని శాసనాలు మనుషుల కోసం, పశువుల కోసం దారుల వెంట బావులు త్రవ్వించి, చెట్లు నాటించిన సంగతిని తెలుపుతాయి. ఈ విషయమున్న రెండవ శిలాశాసనం ప్రతి కర్నూలు జిల్లాలోని ఎర్రగుడిలో కూడా ఉన్నది. అశోకుని ఏడవ స్తంభశాసనంలో నీటి పందిళ్ళ ప్రస్తావన ఉన్నది.

శాతవాహన రాజైన హాలుడు సంకలనం చేసినట్లు చెప్పబడే ప్రాకృత గ్రంథం గాథాసప్తశతిలో ఒక చలిపందిరి దృశ్యం ప్రసిద్ధమైనది. అందులో బాటసారి వేళ్ళ సందుల నుండి నీరు జారవిడుస్తూ ఆలస్యం చేస్తాడు. నీరు పోసే యువతి కూడా ధారను సన్నం చేస్తుంది.

ఆచారాలు

హిందూ సంప్రదాయంలో ఉగాదినాడు "ప్రపాదానం" ప్రారంభించడం, వేసవిలో నీటికుండను దానం చేయడం పుణ్యకార్యాలుగా భావిస్తారు. శ్రీరామనవమి పందిళ్ళలో బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం పంచుతారు. హైదరాబాదులో మొహర్రం రోజులలో కర్బలాలో దప్పికతో అమరులైనవారి స్మృతిగా నీరు, షర్బత్ అందిస్తారు. దీనిని "సబీల్" అంటారు. సిక్కులు గురు అర్జున్ దేవ్ బలిదానం జ్ఞాపకార్థం "ఛబీల్" పేరుతో తియ్యని చల్లని పానీయం ఇస్తారు. ఇటువంటి నీటి పందిరిని తమిళంలో "తణ్ణీర్ పందల్" అని, కన్నడంలో "అరవట్టిగె" అని, మరాఠీలో "పాణపోయి" అని పిలుస్తారు.

ఏర్పాటు, నిర్వహణ

సంప్రదాయ చలివేంద్రానికి తాటాకు పందిరి, కొన్ని మట్టికుండలు, మూతలు, పొడవైన కాడ గల గరిటె చాలు. కుండలను తడి ఇసుకపై నిలిపి, చుట్టూ తడి గోనెపట్టా చుడతారు. కుండ గోడలోని సన్నని రంధ్రాల ద్వారా బయటకు వచ్చిన నీరు ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తీసుకొనిపోతుంది. పొడిగాలి ఉన్నచోట నీరు బాగా చల్లబడుతుంది. తేమ ఎక్కువగా ఉండే సముద్రతీరంలో అంతగా చల్లబడదు. సువాసన కోసం వట్టివేరు వేయడం కూడా కద్దు. మజ్జిగలో ఉప్పు, అల్లం, కరివేపాకు, నిమ్మరసం కలుపుతారు.

పందిరి వేయడం ఒక్కరోజు పని. ప్రతి ఉదయం కుండలు కడిగి నింపడం, మధ్యాహ్నం మళ్ళీ నింపడం, గ్లాసులు శుభ్రంగా ఉంచడం వేసవి ముగిసేవరకు చేయవలసిన పని. పందిరికి తగిన మనిషి లేనప్పుడు ప్రారంభోత్సవం జరిగిన కొద్దిరోజులకే కుండలు ఎండిపోతాయి. అందువలన చలివేంద్రం విలువ దానిపై కట్టిన బ్యానర్లలో గాక, ఎండ తీవ్రంగా ఉన్న వేళ కుండలో నీరు ఉన్నదా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది.

ప్రజారోగ్యం

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల 45 డిగ్రీల సెల్సియస్‌కు పైగా ఉష్ణోగ్రత నమోదైన వేసవులు ఉన్నాయి. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. ఆరుబయట పనిచేసే కూలీలు, వీధి వ్యాపారులు, రిక్షా కార్మికులు, వృద్ధులు వడదెబ్బకు ఎక్కువగా గురవుతారు. నీటి సీసా కొనలేనివారికి బస్టాండు వద్ద, కూడలి వద్ద దొరికే ఒక గ్లాసు నీరు ప్రాణాధారం కావచ్చును. అయితే స్పృహ తప్పినవారి నోటిలో నీరు పోయరాదు. వారిని నీడకు చేర్చి, శరీరాన్ని తడిపి చల్లబరుస్తూ, 108 అంబులెన్సును పిలవాలి.

అంటరానితనం

అందరికీ నీరు అన్న ఆదర్శం ఆచరణలో అన్నివేళలా నిలవలేదు. దళితులకు తాకకుండా పైనుండి దోసిట్లో నీరు పోయడం, వేరే పాత్రలు ఉంచడం వంటి దురాచారాలు ఉండేవి. మహారాష్ట్రలోని మహద్ పట్టణంలో 1927 మార్చి 20న డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ నాయకత్వంలో వేలాదిమంది చవదార్ చెరువు నీరు త్రాగి తమ హక్కును చాటారు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం ప్రజల వాడుకకు ఉద్దేశించిన బావులు, చెరువుల విషయంలో కుల వివక్షను నిషేధించింది. ఒకే గ్లాసుతో అందరికీ నీరు ఇచ్చే చలివేంద్రం ఈ హక్కుకు నిత్యజీవితంలోని రూపం.

నేటి రూపాలు

స్వచ్ఛంద సంస్థలు, యువజన సంఘాలు, వ్యాపారులు, పురపాలక సంఘాలు చలివేంద్రాలు నడుపుతారు. కొన్ని రైల్వేస్టేషన్లలో స్వచ్ఛంద కార్యకర్తలు బోగీల కిటికీల వద్దకే నీరు తెచ్చి ఇస్తారు. కుండలకు బదులు ప్లాస్టిక్ డబ్బాలు, నీటి పొట్లాలు వచ్చినచోట్ల చెత్త సమస్య ఏర్పడింది. పందిరి వేసే స్తోమత లేనివారు ఇంటి గేటు ముందు ఒక కుండ, గ్లాసు ఉంచుతారు. పక్షులకు మట్టి మూకుళ్ళలో, పశువులకు తొట్లలో నీరు పెట్టడం కూడా ఈ ఆచారంలో భాగమే.

ఇవి కూడా చూడండి

వడదెబ్బ
ఉగాది
పానకం
గాథాసప్తశతి