పల్నాటి పట్టణాలలో సర్కస్: స్థానిక స్మృతి – చరిత్ర

పల్నాటి చరిత్ర అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారంపూడి వీరుల గుడి గుర్తుకు వస్తాయి. ఆ వీరగాథల వెలుగులో ఇటీవలి గతం, ముఖ్యంగా ఇరవయ్యో శతాబ్దపు సామాన్యుల వినోద జీవితం మరుగున పడింది. శాసనాలు దానధర్మాలను, కైఫీయతులు గ్రామాల పుట్టుకను చెబుతాయి. కొన్ని వారాలు గుడారం వేసి వెళ్లిపోయిన సర్కస్‌కు మాత్రం జనస్మృతే ప్రధానమైన ఆధారం. నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి పట్టణాలలో ఆ స్మృతి దేనిని నిలుపుకొన్నది, దేనిని వదిలివేసినది అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుడారానికి ముందు గడ

శరీర విన్యాసం తెలుగువారికి సర్కస్ నేర్పిన విద్య కాదు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రా సందర్భంగా గడలపై ఆడేవారిని వర్ణించాడు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు వీధులలోని కోడిపందెంతోపాటు పల్నాటి వీరుల కథాగానాన్ని కూడా చూపుతుంది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ గ్రంథంలో ఇటువంటి సంచార కళలను విస్తృతంగా నమోదు చేశారు. దొమ్మరులు గడ ఎక్కి, తాడుపై నడిచి, పిల్లిమొగ్గలు వేసి ఊరూరా జీవించారు.

కాబట్టి సర్కస్ తెచ్చిన కొత్తదనం విన్యాసంలో కన్న దాని అమరికలో ఎక్కువగా ఉన్నది. చుట్టూ తెర కట్టిన ఆవరణ, ముందుగా కొనవలసిన టిక్కెట్టు, నిర్ణీతమైన ఆట వేళ, విద్యుద్దీపాలు, ఊరివారు ఎన్నడూ చూడని క్రూరమృగాలు — ఇవీ ఆ కొత్త అంశాలు.

రైలు, పంట, గుడారం

ఇటలీకి చెందిన కియారీని సర్కస్ పర్యటన ప్రేరణతో విష్ణుపంత్ ఛత్రే 1880లో బొంబాయిలో భారతీయ సర్కస్‌కు నాంది పలికాడు. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంజికణ్ణన్ శిక్షణ ఇచ్చిన కళాకారులు తరువాతి కంపెనీలకు వెన్నెముక అయ్యారు. తెలుగునాట వీరఘట్టానికి చెందిన కోడి రామమూర్తి నాయుడు (1882–1942) సొంత సర్కస్‌తో పర్యటిస్తూ, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం, ఇనుప గొలుసులు తెంచడం వంటి ప్రదర్శనలతో ‘కలియుగ భీముడు’గా కీర్తి పొందాడు.

ఏనుగులు, బోనులు, స్తంభాలు, గుడారపు గుడ్డ — ఇంత సరంజామాను ఎడ్లబండ్లపై దూరప్రాంతాలకు తరలించడం కష్టం. నరసరావుపేట గుంటూరు–గుంతకల్లు మార్గంలో ఉన్నది. 1930 ప్రాంతంలో వచ్చిన గుంటూరు–మాచర్ల మార్గం గురజాల మీదుగా మాచర్ల వరకు రైలును తీసుకువచ్చింది. పల్నాడు బయటి ప్రపంచపు వినోదానికి అందుబాటులోకి రావడంలో ఈ మార్గాల పాత్ర విస్మరించరానిది.

రెండవ కారణం నీరు. శ్రీనాథునికి ఆపాదించే చాటువులలో పల్నాడు జొన్నకూటి సీమ. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలైన నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఈ సీమలో కొంత భాగాన్ని వరి, పత్తి, మిరప పొలాలుగా మార్చింది. పంట అమ్మిన డబ్బు చేతిలో ఉండే రోజులు, వాన బెడద లేని రోజులు కలిసి వచ్చే మాఘ ఫాల్గుణాలు గుడారానికి అనువైనవి. కోటప్పకొండ తిరునాళ్లు జరిగే శివరాత్రి కూడా ఆ కాలంలోనిదే. తిరునాళ్లకు బండ్లు కట్టుకొని కదిలే అలవాటు ఉన్న జనమే సర్కస్‌కూ ప్రేక్షకులు.

స్మృతి నిలుపుకొన్నవి

తెలుగు నేల చిన్న పట్టణాలలో పెద్ద తరంవారు చెప్పే సర్కస్ జ్ఞాపకాలలో కొన్ని అంశాలు పదేపదే వస్తాయి. రాత్రివేళ ఆకాశంలో తిరిగే సెర్చిలైటు, నిద్రలో వినిపించిన సింహగర్జన, వీధిలో నడిచిన ఏనుగు, ఊయల నుండి ఊయలకు ఎగిరే యువతులు, బఫూన్ చేష్టలు, ఇనుప గోళంలో మోటారు సైకిలు — పల్నాడు కూడా ఇందుకు మినహాయింపు కాదు. టిక్కెట్టు కొనలేనివారికి సైతం ఆ వెలుగు, ఆ గర్జన ఉచితంగా అందాయి. సర్కస్ స్మృతి ఊరందరిదీ కావడానికి ఇదే కారణం.

ఇటువంటి స్మృతిలో తేదీలు అరుదు. అయినా కాలనిర్ణయానికి బయటి ఆధారాలు లేకపోలేదు. సింహం, పులి, చిరుతపులి, ఎలుగుబంటి, కోతి — ఈ అయిదింటిని ప్రదర్శనకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 1998 అక్టోబరు 14న ప్రకటన జారీ చేసింది. 2001 మే 1న సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. కనుక పులి ఆట చూసిన జ్ఞాపకం సాధారణంగా అంతకు ముందుదే అవుతుంది. ఆ జాబితాలో ఏనుగు లేదు కాబట్టి ఏనుగు జ్ఞాపకం కాలనిర్ణయానికి ఉపకరించదు. ‘మేరా నామ్ జోకర్’ (1970), ‘సర్కస్ రాముడు’ (1980) వంటి చిత్రాల దృశ్యాలు స్వీయానుభవంలో కలిసిపోయే అవకాశాన్నీ పరిశోధకులు గమనించాలి.

స్మృతి వదిలివేసినవి

జ్ఞాపకాలలో సింహం గర్జిస్తుంది, కానీ దాని బోను వెడల్పు ఎంతో ఎవరూ చెప్పరు. నిషేధానంతరం సర్కస్ మృగాల కోసం విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలల వద్ద సంరక్షణ కేంద్రాలు వెలసిన తరువాతనే ఆ మృగాల జీవితం వార్త అయింది. ఊయలపై ఎగిరిన బాలిక వయస్సును కూడా ఆనాటి ప్రేక్షకులు అడగలేదు. సర్కస్‌లలో బాలలను నియోగించరాదని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

అంతకన్న లోతైన విస్మృతి దొమ్మరులది. ఒకే విద్య గుడారంలో టిక్కెట్టు పొందింది, వీధిలో చేయి చాచవలసి వచ్చింది. గుడారంలోని కళాకారిణి ‘సర్కస్ అమ్మాయి’గా అబ్బురమైంది, గడ ఎక్కిన స్త్రీ కులం పేరు తిట్టుపదమైంది. భాషలో నిలిచిన ఈ భేదం కళకు సంబంధించినది కాదు. చూసేవారి సామాజిక దృష్టికి సంబంధించినది.

‘సర్కస్’ అన్న మాట కూడా స్థిరంగా నిలవలేదు. ఒకప్పటి అద్భుతం నేడు ‘పెద్ద సర్కస్ చేయవలసి వచ్చింది’ అన్న వాడుకలో అవస్థకు పర్యాయపదమైంది. కిక్కిరిసిన బస్సు మెట్లపై వేలాడే ప్రయాణాన్ని పత్రికలు ‘సర్కస్ ఫీట్లు’ అంటాయి. ప్రాణాపాయంతో కూడిన శ్రమను వినోదంగా చూసిన సమాజం, ఆ శ్రమ తన నిత్యజీవితంలో ఎదురైనప్పుడు దానికి అదే పేరు పెట్టుకొన్నది.

ముగింపు

పల్నాటి సర్కస్ స్మృతి రైలు, కాలువ, పంట, కులం కలిసిన సామాజిక చరిత్రకు ఆధారం. గుడారాన్ని చూసిన తరం వృద్ధాప్యంలో ఉన్నది గనుక ఆ జ్ఞాపకాల సేకరణ ఆలస్యం కారాదు. అయితే ప్రేక్షకుల మాటలతోనే ఆ సేకరణ ఆగితే, వారు చూడనిది చరిత్రలోనూ కనిపించదు. గడ ఎక్కిన కుటుంబాల జ్ఞాపకాలను కూడా నమోదు చేసినప్పుడే ఈ చరిత్రలో రెండవ సగం చేరుతుంది.