సవరలు కల్లు మానిన చరిత్ర

దురభ్యాసములను విడనాడుట క్రైస్తవజీవితమునకు మొదటి మెట్టని మన తీరపు సంఘములలో నేటికిని బోధింతురు. ఆ దురభ్యాసములలో కల్లుసారాలకే అగ్రస్థానము. బోధ మంచిదే. కాని మానినవాడు దానితోఁబాటు మరియేమి విడిచెనో విచారించువారు అరుదు. ఈ విచారణకు శ్రీకాకుళము, పార్వతీపురము మన్యములలోను, వాని నంటియున్న ఒడిశా కొండలలోను నివసించు సవరల చరిత్రను మించిన నిదర్శనము మాకు కనఁబడలేదు.

ముందుగా ఆ బోధ యెచ్చటినుండి వచ్చెనో చూడవలెను. కెనడాదేశపు తూర్పుతీరమునుండి బయలుదేరిన బాప్తిస్టు మిషనరీలు 1875వ సంవత్సరమున తెలుగుదేశము చేరి, పిమ్మట భీమునిపట్టణము, శ్రీకాకుళము, బొబ్బిలి మొదలగు తావుల సంఘములు స్థాపించిరి. వారి స్వదేశమున అప్పటికే మద్యముపై గొప్ప పోరాటము సాగుచుండెను. ఏ మండలమువారు ఆ మండలమున వోటువేసి మద్యవిక్రయమును మాన్పించుకొనవచ్చునని 1878లో అచట చట్టమయ్యెను. 1901 నాటికి ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమున మద్యనిషేధమే అమలులోనికి వచ్చెను. కానా పెండ్లిలో క్రీస్తు నీటిని ద్రాక్షారసముగా మార్చెననియు, పౌలు తిమోతిని కడుపుజబ్బునకై కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెననియు ఈ బోధకులు ఎరుఁగనివారు కారు. ఎరిఁగియు ఒక్క చుక్కయు కూడదనిరి. ఈ నియమము సువార్తనుండి కంటె రమ్ము చెరచిన కాపురములనుండి పుట్టినదని మాకు తోఁచుచున్నది. తప్పని యనుట లేదు, పుట్టుక చెప్పుచున్నాము.

ఇఁక కొండమీఁదికి పోవుదము. సవరల మనస్సు తెలియుటకు మనకు మొదట త్రోవ చూపినవారు గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు. శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సంతకు దిగివచ్చు సవరలవలన వారి భాష నేర్చుకొని, స్వంత ఖర్చుతో వారికి బడులు పెట్టిరి. వారి సవర వ్యాకరణము 1931లో అచ్చయ్యెను. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ పెద్దలు మా యీ గ్రాంథికమును చూచిన నవ్వియుందురు. కానిండు. సవరభాషను వ్రాయు పద్ధతి యేర్పడినతరువాతనే కొండలలోని సెరంగ మొదలగు తావులయందు మిషనువారి బోధయు సవరపలుకులలో సాగెను.

సవర త్రాగునది ప్రధానముగా జీలుగు కల్లు. ఉదయసాయంకాలములందు మగవారు చెట్టుక్రింద గుమిగూడి, ఒకరి తరువాత నొకరు దొప్పనందుకొని, పంట మొదలు పెండ్లి వరకు గల సంగతులన్నియు అచ్చటనే మాటలాడుకొందురు. ఇప్పసారా పండుగలకు. ఇంతవరకు మైదానవాసి యెవఁడైనను ఊహింపఁగలఁడు. ఊహింపలేనిది మరియొకటి కలదు. చనిపోయినవారికిని కల్లు కావలెను.

ఒకఁడు మరణించిన తరువాత సవరలు వానితో మాటలాడుట మానరు. పూనకము వచ్చు స్త్రీ యొకతె గొంతును చచ్చినవారికి ఎరువిచ్చును. ఆమె నోట తండ్రి వచ్చును, పసిబిడ్డ వచ్చును, పోట్లాడిన అన్న వచ్చును. వచ్చినవాఁడు దాహమనును. ఆమె నోటనే కల్లు పోయుదురు. అంతట ప్రశ్నలు, నిందలు, ఏడ్పులు, ఎగతాళులు, పంపకముల తగవులు. నీవు ఏల చచ్చితివని వీరు అడుగుదురు, మీరు నన్ను ఏల చూడరైతిరని వాఁడడుగును. తాను పోయిన రోగమునే చనిపోయినవాఁడు బ్రదికినవారికి అంటించునని వారి భయము. మాటలవలన క్రమక్రమముగా వాని కోపము చల్లారి, ఏండ్లు గడచి, తుదకు వాని పేరు వంశమునందలి యొక బిడ్డకు పెట్టఁబడును. దుఃఖమునకు ఇంత ఓపికగల యేర్పాటు మేము మరెచ్చటను వినలేదు.

ఆ యేర్పాటునకు ఖర్చు భయంకరము. చచ్చినవానికై రాయి నాటవలెను, దున్నలను కోయవలెను, ఊరికెల్ల కల్లుసారాలు పోయవలెను. దున్న వెల ఎక్కడిది? సావుకారు ఇచ్చును. అప్పు తీరదు, పంట కళ్ళమునుండి ఇంటికి చేరదు, తుదకు భూమి పోవును. గంజాము, విశాఖపట్టణము ఏజెన్సీలలో కొండవారి భూమి ఇతరులపరము కాకుండను, వారి అప్పుపై వడ్డి ఏఁటికి నూటికి 24 మించకుండను 1917లో ప్రత్యేకముగా చట్టము చేయవలసి వచ్చెననిన, ఆ దోపిడి యెంత ముదిరినదో ఊహించుకొనవచ్చును. చట్టము కాగితముపై నుండెను. శ్రీకాకుళపు కొండలలో 1967 మొదలు చెలరేఁగిన తిరుగుబాటునకును ఈ అప్పులు, ఈ భూములే మూలము.

కావున బాప్తిస్మము పొందిన సవర యువకుఁడు కల్లు మానుదునని ప్రమాణము చేసినపుడు ఒక వ్యసనమును మాత్రమే విడువలేదు. దున్న ఖర్చు పోయినది, సారావర్తకుని వాకిలి పోయినది. చేతికి పుస్తకము వచ్చినది, సావుకారు లెక్కను చదివి ఎదిరించు ధైర్యము వచ్చినది. కేంబ్రిడ్జి మానవశాస్త్రజ్ఞుఁడు పియర్స్ విటెబ్‌స్కీ 1975 మొదలు ఒడిశా వైపు సవర గ్రామములలో వారి భాష నేర్చి నివసించెను. అతఁడు మొదట చూచినపుడు చచ్చినవారితో సంభాషణలు ఇంచుమించు ప్రతిదినము జరుగుచుండినవి. ఒక్క తరము గడచునప్పటికి ఆ గ్రామములవారిలో పెక్కురు బాప్తిస్టులైరి. ఈ మార్పును అతఁడు 2017లో ప్రకటించిన గ్రంథమున వర్ణించినాఁడు. లాభమును అతఁడు దాఁచలేదు, మేమును దాఁచము. అప్పులేని యిల్లు చిన్న వరము కాదు.

నష్టమును మాత్రము మన సంఘచరిత్రలు వ్రాయవు. పగిలిన కుండలను లెక్కించినవారు మూగవోయిన గొంతులను లెక్కింపలేదు. మన తీరపు క్రైస్తవులు జ్ఞాపకార్థ కూడికలు పెట్టుకొందురు. అనేకులు నవంబరు 2న సమాధులకు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. తండ్రిని తలఁచుట తప్పని మనతో ఎవరును అనలేదు. సవర క్రైస్తవునకు మాత్రము, చనిపోయినవారు ప్రభువు చెంత నున్నారు, వారితో నీకిఁక మాటలేదని చెప్పి, ఏడ్చుటకు కొన్ని కీర్తనలను, సమాధిపై నొక సిలువను ఇచ్చిరి. ఏండ్లకొలఁది సాగు సంభాషణకు బదులు ఒక ప్రార్థన. వారి పాతభాషలో దుఃఖమునకు గల పలుకులన్నియు చచ్చినవారిని ఉద్దేశించినవే కాఁగా, వారు దేనితో ఏడ్వవలెను? కల్లును త్రోసివేయుటకు బోధకులు చూపిన శ్రద్ధలో సగమైనను ఆ స్థానమున నిలుపవలసిన దానిపై చూపియుండవలసినదని మా యభిప్రాయము.

మతము మార్చుకొన్నవారిలో కొందరికి స్వప్నములు వచ్చుచుండినవని విటెబ్‌స్కీ వ్రాసినాఁడు. చనిపోయిన తల్లియో తండ్రియో కలలో వచ్చి అన్నము, కల్లు అడుగుదురు. ఇచ్చుటకు ఇంట కల్లు లేదు, ఇయ్యరాదు కూడ. తెల్లవారఁగనే వారు లేచి ప్రార్థన చేసికొందురు.