ఆలుమగలు హోటలుకెళ్లిన కథ

ఆదివారం పొద్దువాలేసరికి ఉంగుటూరు నుంచి తేలప్రోలు దారిలో బైకులు పెరుగుతాయి. చాలా బండ్ల మీద ఇద్దరే. ముందు ఇస్త్రీ చొక్కా, వెనక జడలో మల్లెపూలు, ఒక్కోసారి మధ్యలో నిద్రకు జోగుతున్న పసివాడు. తేలప్రోలు దగ్గర జాతీయ రహదారి ఎక్కితే ఒకవైపు గన్నవరం, విజయవాడ. రెండోవైపు హనుమాన్ జంక్షన్, అక్కణ్ణుంచి నూజివీడు మామిడి తోటలు. ఊళ్లో టిఫిన్ బండ్లున్నాయి, టీ కొట్లున్నాయి. కానీ భార్యాభర్తలు తీరిగ్గా కూర్చుని ఓ పూట బయట తినాలనుకుంటే చాలామంది ఈ రోడ్డే ఎక్కుతారు.

ఇలా ఇద్దరూ ఒక బల్లకు అటూ ఇటూ కూర్చుని, ఇంకెవరో వడ్డిస్తుంటే తినడం మన ప్రాంతంలో ఎంత కొత్త సంగతో ఇప్పటి కుర్రకారుకు తెలియదు. వాళ్ల ముత్తవ్వల్లో చాలామంది హోటల్ గడప తొక్కకుండానే వెళ్లిపోయారు.

బయట తినడం మాత్రం తెలుగువాడికి ఏనాటి నుంచో ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆ కావ్యంలో ఓ పూటకూళ్ల ఇల్లుంది. ఒక్క రూక ఇస్తే సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన ఆవునెయ్యి, అరటిపళ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, చివర గడ్డపెరుగు. ఇప్పటి ఫుల్ మీల్స్ కూడా దానిముందు చిన్నబోతుంది. ఆ ఊరు తిరిగింది ఇద్దరు మగవాళ్లు. వాళ్ల వెంట భార్యలు లేరు, ఉంటారని కవీ అనుకోలేదు, చదివేవాళ్లూ అనుకోలేదు.

ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లు అదే వరస. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఉంది. గిరీశం ఆమె ఇంట్లో తిని, ఆమె సొమ్మూ తిన్నాడు. గురజాడ ఆ పాత్రను ఊహించి పెట్టలేదు. భర్త పోయిన ఆడవాళ్లకు బతుకుతెరువుగా నాలుగు ఊళ్లలోనూ కనిపించే పనే అది. అంటే మన హోటల్ చరిత్రలో స్త్రీ మొదటినుంచీ ఉంది. పొయ్యి దగ్గర ఉంది, విస్తరి ముందు లేదు.

ఇంట్లోనూ అంతే కదా. ముందు మగవాళ్ల బంతి, తర్వాత పిల్లలు, ఆఖర్న కోడలు. మిగిలిన కూరతోనో, కూర మిగలకపోతే పచ్చడి మెతుకులతోనో. ఆలుమగలు ఎదురెదురుగా కూర్చుని తినడం సిగ్గులేనితనమనుకున్న ఇళ్లు కోకొల్లలు. జీవితంలో ఒక్కరోజు దీనికి మినహాయింపు ఉండేది. పెళ్లిలో బువ్వం బంతి. వధూవరుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, అందరి ఎదుటా ఒకరికొకరు ముద్దలు పెట్టించి, వదినలూ మరదళ్లూ ఆట పట్టించేవాళ్లు. ఆ వేడుకకు నవ్వని అవ్వ ఉండదు. అది ముగిశాక ఆ పిల్ల మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయేది.

అసలు మనిషి పక్కన మనిషి తినడమే తేలిక కాని కాలమది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రామన్నారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ బిందె చంకనెత్తుకుని గోదావరి నీళ్లు తెచ్చింది. ఆ ఇంట భోజనం చేసినవాళ్లకు వెలి. ఆ భయంతో పెళ్లికి మనసులో మద్దతున్నవాళ్లు కూడా విస్తరి దగ్గర ఆగిపోయారు.

మన కృష్ణా జిల్లాలో ఈ కట్టును తెంచడానికి జీవితమంతా ధారపోసిన ఆలుమగలున్నారు. గోరా అని అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు, ఆయన భార్య సరస్వతి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. కులాలన్నీ కలిసి కూర్చుని తినే సహపంక్తి భోజనాలు వాళ్ల ఉద్యమంలో ముఖ్యమైనవి. 1947లో కేంద్రం విజయవాడకు మారింది. వాళ్ల నాస్తికత్వంతో ఎవరైనా విభేదించవచ్చు. పంక్తి విషయంలో మాత్రం ఈ జిల్లా వాళ్లకు రుణపడి ఉందని నా నమ్మకం. ఈరోజు హైవే హోటల్లో పక్క బల్ల మీద ఎవరు కూర్చున్నారో చూడకుండా మనం తినగలుగుతున్నామంటే ఆ వెనక ఇలాంటివాళ్లు పడిన మాటలున్నాయి.

కాఫీ హోటళ్లు వచ్చిన కొత్తలో కులం కూడా బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. మద్రాసు రాష్ట్రంలో కొన్ని హోటళ్లలోనూ, రైల్వే భోజనశాలల్లోనూ బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. పల్లెటూరి టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు, తాగాక వాళ్లే కడిగి పెట్టాలి. 1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం పదిహేనో అధికరణలో హోటళ్లు, భోజనశాలలు అందరివీ అని పేరుపెట్టి మరీ రాసింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి చాలా ఊళ్లలో దశాబ్దాలపాటు చావలేదు. దళిత దంపతులు హోటల్లోకి నడిచి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చోవడానికి రెండు గడపలు దాటాలి. ఒకటి ఆడమనిషి గడప, రెండోది కులం గడప. మిగతావాళ్లకు ఒక్కటే. ఈ తేడాను పక్కన పెట్టి హోటళ్ల చరిత్ర చెప్పకూడదు.

ఇక మగవాళ్లకు కాఫీ హోటల్ ఊరి కచేరీ అయిపోయింది. పేపరు అక్కడే, రాజకీయం అక్కడే, పొలం బేరాలు అక్కడే. ఇంట్లో ఆడవాళ్లకు ఆ రుచి అందిన దారి వేరు: పార్సిల్. కోర్టు వాయిదాకో, ఎరువుల బస్తాకో బెజవాడ వెళ్లిన భర్త ఆఖరి బస్సుకు దిగేవాడు. సంచిలో మల్లెపూల పొట్లం, దాని పక్కన అరటాకులో చుట్టి పైన పేపరు కప్పి దారం కట్టిన ఇడ్లీ, మైసూర్ బజ్జీ. చట్నీ కారి పేపరు తడిసిపోయి ఉండేది. చల్లారిపోయిన ఆ బజ్జీలోనే ఆమె హోటల్‌ను చూసుకుంది. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న వేస్తారని విన్న ఇల్లాళ్లలో ఎంతమంది దాన్ని వేడివేడిగా తిని ఉంటారు! ఆ పేరుతో జంధ్యాల 1992లో సినిమా తీశారు, బ్రహ్మానందం కథానాయకుడు. హోటల్ పేరు సినిమాకెక్కేంతగా ఊరికి ఇష్టమైపోయింది.

గడప దాటించింది కూడా చాలావరకు సినిమాయే. విజయవాడలో 1921లో మారుతీ టాకీస్ వెలిసింది. పాత హాళ్లలో ఆడవాళ్లకు వేరే వరసలుండేవి. మొగుడు ఒకచోట, పెళ్లాం ఒకచోట కూర్చుని ఒకే సినిమా చూసేవాళ్లు. కుర్చీ క్లాసులు పెరిగి, జంటలు పక్కపక్కన కూర్చోవడం మామూలయ్యాక, ఆట వదిలిన తర్వాత ఆకలి కూడా ఇద్దరికీ ఒకేసారి వేసింది. కొత్తగా పెళ్లయినవాళ్లు మ్యాట్నీకి వెళ్లి, వచ్చేదారిలో హోటల్లో దోసె తిని రావడం ఒక తంతయింది. ఇంటికొచ్చాక అత్తగారు అడిగేది: "ఏమ్మా, ఇంట్లో పొయ్యి ఆర్పేశామా?"

ఆ దోసె ఎక్కడ తినేవాళ్లు? ఫ్యామిలీ రూంలో. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. హాలు నిండా మగవాళ్లు, బీడీల పొగ. ఓ మూలన చెక్క పలకలతో కట్టిన చిన్న గది, నలుగురు పట్టే బల్ల, గుమ్మానికి మాసిన తెర. హైదరాబాద్ ఇరానీ హోటళ్లలోనూ ఇదే ఏర్పాటు. తెర పక్కకు జరిపి జంట లోపలికి వెళ్లేసరికి హాల్లో మాటలు ఒక్క క్షణం ఆగేవి. అంతమంది కళ్ల మధ్యనుంచి ఆ నాలుగడుగులు నడవడం ఆ రోజుల్లో ఓ అమ్మాయికి చిన్న పరీక్ష కాదు. ఆ తెరను దాచిపెట్టే గుడ్డ అని ఇప్పుడు తీసిపారేయడం తేలిక. కానీ ఆ తెర లేకపోతే ఆమె లోపలికి వచ్చేదే కాదు. ఫ్యాను సరిగా తిరగని ఆ ఇరుకు గదుల్లోనే మన అమ్మలు తొలిసారి పరాయి చేతి వంట వేడిగా తిన్నారు. వాటి మీద నాకు గౌరవం ఉంది.

ఇది మన వెనకబాటుతనమే అనుకోనక్కర్లేదు. న్యూయార్క్‌లో డెల్మోనికోస్ అనే పేరున్న రెస్టారెంట్లో మగతోడు లేకుండా ఆడవాళ్లు కలిసి భోంచేయడం 1868లో పెద్ద వార్త. ఆ విందుకు పూనుకున్నది జేన్ కనింగ్‌హామ్ క్రోలీ అనే పాత్రికేయురాలు. మద్రాసులో 1962లో తెరిచిన వుడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ మరో దారి చూపించింది. కారే ఫ్యామిలీ రూం. చెట్టు నీడన కారు ఆపుకుంటే ట్రేలో ఇడ్లీ, కాఫీ అక్కడికే వచ్చేవి. కారున్నవాళ్ల సౌఖ్యం అది, మన ఊళ్లకు అందినది కాదు.

మన ఊళ్లకు అందింది రోడ్డు. విజయవాడ నుంచి ఏలూరు వైపు వెళ్లే పాత ఐదో నంబరు జాతీయ రహదారి స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరసలైంది, 2010లో పదహారో నంబరుగా మారింది. రోడ్డు పక్క లారీ డ్రైవర్ల నులకమంచాల డాబాలు అంతకు ముందూ ఉన్నాయి. కానీ సీసా ఉన్నచోటికి భార్యను తీసుకెళ్లేవాడు అరుదు. 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లో సడలిపోయాక బార్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఇది తాగేచోటు కాదని బోర్డు మీదే చెప్పుకోవలసిన అవసరం హోటళ్లకు వచ్చింది. ఫ్యామిలీ రెస్టారెంట్ అన్న బోర్డు ఊరూరా లేచింది అందుకే. చెక్క గది, తెర పోయాయి. హోటల్ హోటలంతా ఫ్యామిలీ రూం అయింది.

ఇప్పుడు ఉంగుటూరు జంట వచ్చి కూర్చునేది అలాంటి హాల్లోనే. మామిడి తోటల సొమ్ము చేతిలో పడే ఎండాకాలంలో, ముహూర్తాల రోజుల్లో, రద్దీ ఎక్కువ. మొదట సూప్, "వన్ బై టూ" అని చెప్పి. ఒక గిన్నెను రెండు కప్పుల్లో పంచి తెస్తాడు. తర్వాత చిల్లీ చికెన్, బిర్యానీ. ఇదంతా మామూలే. నాకు విలువైనది దానికి ముందు జరిగేది. మెనూ కార్డు పట్టుకొచ్చిన కుర్రాడు ఆమె వైపు తిరిగి "మీకేం కావాలమ్మా?" అంటాడు. చాలామంది ఇల్లాళ్లు ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేరు. ఆయనకు ఏది ఇష్టం, పిల్లలకు కారం ఎంత, మావగారికి ఉప్పు ఎంత తగ్గించాలి, అన్నీ తెలుసు. తనకేం తినాలనుందో అడిగినవాళ్లు లేరు. "మీ ఇష్టమండీ" అని భర్త వైపు చూస్తారు. నాలుగోసారో ఐదోసారో వచ్చినప్పుడు కార్డు తనే తీసుకుని, వేలు పెట్టి చూపిస్తారు. నన్నడిగితే ఈ వందేళ్ల కథలో అసలు మలుపు అక్కడుంది.

ఈమధ్య జంటల్ని బాగా లాగుతున్నది మండీ. నిజాం కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల సంతతి ఉండే హైదరాబాద్ బార్కస్ నుంచి ఆ వంట ఆంధ్ర పట్టణాలకు పాకింది. కింద పరుపులు, మధ్యలో ఒకటే పెద్ద పళ్లెం, చుట్టూ కూర్చుని అందులోంచే తినడం. ఎంగిలి పట్టింపులతో పెరిగిన మన జిల్లాలో ఆలుమగలు ఒక్క పళ్లెంలో, నలుగురి ఎదుట తింటున్నారు. పెళ్లినాటి బువ్వం బంతి ఇలా తిరిగొస్తుందని ఏ అవ్వా ఊహించి ఉండదు.

అయితే ఇద్దరూ మండీ తింటే ఒక కూలీ కుటుంబానికి రోజు సంపాదన పోతుంది. వరి నాట్లకు, మామిడి కోతలకు వెళ్లే దంపతుల బయటి భోజనం ఇప్పటికీ చెట్టు కింద విప్పుకునే క్యారేజీయే. 2024 ఆగస్టు 15న గుడివాడలో అన్న క్యాంటీన్ మళ్లీ తెరిచినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, ఆయన భార్య భువనేశ్వరి పేదలతో కలిసి అక్కడే భోంచేశారు. పూటకు మనిషికి ఐదు రూపాయలు. ఆసుపత్రికో, అంగడికో గుడివాడ వచ్చిన ఇద్దరు పది రూపాయలకు వేడన్నం తిని బస్సెక్కవచ్చు. ఉంగుటూరు లాంటి మండల కేంద్రాలకు కూడా అలాంటిది రావాలి. నిలబడి గబగబా తినే బల్లలతో కాదు, ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేందుకు కుర్చీలతో, వడ్డించే మనిషితో.