మూసీ బాగు ఎవరి బాగు?

మూసీ చరిత్ర అనగానే మనకు చెప్పేది పాలకులు కట్టించిన వంతెనలు, 1908 వరద, ఇంజనీర్ల ప్రతిభ. ఆ నీళ్లకు కావలి కాసిందెవరు? ఒడ్డు భూములు ఎవరి చేతుల్లోకి పోయినయి? చెడిన నీళ్లలో దిగి నాట్లేసిందెవరు? ఈ ప్రశ్నలకు ఆ చరిత్రలో చోటు లేదు. నదిని బాగుచేస్తామనే మాట మళ్లీ వినపడుతున్న వేళ వీటిని ముందుకు తేవాల్సిందేనని మేం భావిస్తున్నాం.

అనంతగిరి గుట్టల్లో పుట్టి హైదరాబాద్ నడుమ పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ ఒంటరి నది కాదు. కత్వలు, కాలువలు, చెరువులతో అల్లుకున్న గొలుసు. తెలంగాణ ఊళ్లలో తూము తెరిచి, కట్ట కాసి, పొలాలకు నీళ్లు పంచింది నీరటి. అతను ఎక్కువగా మాల, మాదిగ వాడల మనిషి. అతని కూలి గింజల్లో ఇంత పాలు, ఇంత ఇనాం చెక్క. నీళ్ల గురించి ఊర్లో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడికి ఆ నీళ్ల మీద హక్కు మాత్రం లేదు.

1908 సెప్టెంబరు 28 వరదలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చినయి. నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది. ఇది కాదనలేని మేలు. కానీ మంచినీళ్లు నగరానికి పైనే ఆగినయి. నగరం పెరిగేకొద్దీ దాని మురుగే కింది ఊళ్లకు నది అయింది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల విషం మీద అక్కడి ప్రజలు కొట్లాడారు, 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. తర్వాత దొరికిన పరిష్కారాల్లో ఒకటి ఏమిటి? శుద్ధి చేశామంటూ ఆ వ్యర్థాలను 18 కిలోమీటర్ల పైపులైన్లో అంబర్‌పేటకు, అక్కడినుంచి మూసీకి పంపడం. ఒక లోయ కష్టాన్ని ఇంకో లోయ పేదల నెత్తిన పెట్టారు. నగరం దాటితే ఆ నీళ్లతోనే వరి, ఆకుకూరలు, బర్రెల గడ్డి. చేపలు పోయినయి, చేపలు పట్టేవాళ్ల బతుకూ పోయింది. నాట్లేసే ఆడవాళ్లకు చేతులు, కాళ్లు దురదలు.

1996లో జీవో 111 రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో నిర్మాణాలకు హద్దు గీసింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలు తీసేసింది. నగరం తాగే నీళ్లకైనా ఒకప్పుడు గీత గీశారు. నగరం కిందివాళ్లు తొక్కే నీళ్లకు అట్లాంటి గీత ఎవరూ గీయలేదు.

హద్దు గుర్తొచ్చేది మాత్రం బస్తీల దగ్గరే. 1990ల చివర నందనవనం పేరుతో ఒడ్డు గుడిసెలు లేపారు. 2024లో ఇండ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి ఖాళీ చేయమన్నారు. నది గర్భంలో ఇల్లు ప్రమాదమే; 2020 అక్టోబరు వరద దాన్ని చూపింది. కానీ ఊరి మధ్య చోటివ్వని సమాజమే వాళ్లను ఒడ్డుకు నెట్టింది. ఇప్పుడు నదిని చెడగొట్టిన నేరం కూడా వాళ్ల మీదే మోపుతున్నది.

నది బాగు భూమి లెక్కతో మొదలు కావాలి. ఒడ్డున ఉన్న శిఖం, గైరాన్, లావాణి పట్టా భూముల రికార్డులు గ్రామసభల్లో, బస్తీల్లో చదివి వినిపించాలి. దళితులకిచ్చి తర్వాత చేతులు మారిన అసైన్డ్ భూములను 1977 చట్టం ప్రకారం వాళ్లకే తిరిగి ఇప్పించాలి. మురుగు, విషం పుట్టినచోటే శుద్ధి కావాలి. ఖాళీ చేయించాల్సి వస్తే పనికి దగ్గర్లో ఇల్లు ముందు, కూల్చడం తర్వాత. గడ్డి కోసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, చాకలోళ్లు, నాట్లేసే కూలీలు నిర్ణయాల్లో కూర్చోవాలి. వాళ్లు లేకుండా ఒడ్డు అందంగా తయారు కావచ్చు. కొత్తగా ధర పలికే ఆ ఒడ్డు భూమి మాత్రం మళ్లీ పాత చేతుల్లోకే పోతది.