చేపల ఇంద్రియాలు – మేత అలవాట్లు

ఏ చేప ఏం తింటుందో మూతిని చూసి చెప్పడం పాత అలవాటు. నోరు పైకి తిరిగి, మీసాలు లేని బొచ్చె పైనీటిలో మేస్తుంది. నోరు కిందికి ఉండే మ్రిగాల అడుగున మేస్తుంది. రవ్వది నడిమి నీరు. సిరిసిల్ల ప్రాంతపు మధ్య మానేరు, నర్మాల దగ్గరి ఎగువ మానేరు మొదలుకొని కోరుట్ల, జగిత్యాల చెరువుల దాకా ఈ చేపల పెంపకానికి ఈ మూడు పొరల లెక్కే ఆధారం. లెక్క తప్పు కాదు, సగమే. నోరు తిండిని అందుకుంటుంది. అంతకుముందు జాడ తీసేవి కన్ను, ముక్కు, మీసం, ఒంటి పక్కల సాగే పార్శ్వరేఖ.

ఈ సంగతి తేలడానికి మీసాల చేపలే దారి చూపాయి. మాంసరసంలో తడిపిన దూదిని డొక్కకు తాకిస్తే అవి చటుక్కున తిరిగి పట్టుకుంటాయని అమెరికా శాస్త్రవేత్త సి. జడ్సన్ హెరిక్ 1904లో వివరించాడు. రుచి గుళికలు వాటికి నోట్లోనే కాదు, ఒళ్లంతా ఉంటాయి. 1910లో జి. హెచ్. పార్కర్ వానపాముల్ని గుడ్డ మూటలో దాచి వేలాడదీశాడు. మీసాలు తీసేసిన చేపలు మూటను కనిపెట్టాయి, వాసన నాడులు తెగినవి కనిపెట్టలేకపోయాయి. దూరపు తిండికి ముక్కే దిక్కన్న మాట అలా నిలిచింది. 1967లో జాన్ బార్డాక్ బృందం, వాసన పోయినా రుచి ఒక్కదానితోనే అవి దూరం నుంచి దారి పట్టగలవని చూపాక ఆ మాట సడలింది. బొచ్చె, రవ్వ, మ్రిగాల చేరే కార్పు కుటుంబం విషయంలో 1931లో హెచ్. మ్యూర్ ఇవాన్స్ మెదళ్లనే పోల్చాడు. మేత తీరును బట్టి మెదడు వెనక భాగంలో రుచికి సంబంధించిన లంబికల పరిమాణం మారుతుందని గమనించాడు.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, మీసాల చేప వాలుగ రెండూ వేటాడి తినేవే, వేట మాత్రం ఒకటి కాదు. కొర్రమీనుకు మీసాల్లేవు, గాలానికి గుచ్చిన బతికిన కప్ప నీటి మీద తన్నుకుంటే చూసి ఎగబడుతుంది. వాలుగకు కళ్లు చిన్నవి, పై మీసాలు పొట్ట కింది రెక్కల్ని దాటేంత పొడవు. దాని వేట ఎక్కువగా రాత్రిపూటే. వానాకాలపు ఎర్రనీళ్లలో కొర్రమీను కన్ను ఎందుకు పనికొస్తుందని అడగవచ్చు. అడగాల్సిందే. అప్పుడు కప్ప కాళ్ల కదలిక పార్శ్వరేఖకు అందుతుంది. ఒక చేపకు ఒకే ఇంద్రియమని గిరి గీయడం పుస్తకాల సౌకర్యం. ఇంకో అభ్యంతరం మరింత గట్టిది: తవుడు, చెక్క వేస్తే మూడు కార్పులూ తింటాయి కదా, ఇంద్రియాల తేడా ఏమైంది? ఇంద్రియం తిండిని నిర్ణయించదు, వెతుకులాటను నిర్ణయిస్తుంది. అదే తవుడులో తేలే పొడిని బొచ్చె మొప్పల జల్లెడతో వడకడుతుంది. అడుగుకు దిగినదాన్ని మ్రిగాల బురదతో సహా నోట్లోకి తీసుకుని ఏరుకుంటుంది.