సౌరశక్తి – సర్కారు పూచీ

సౌరవిద్యుత్ కంపెనీలకు ప్రభుత్వము అప్పు ఇప్పింపవచ్చునా? ఈ వాదము అమెరికాలో సోలిండ్రా కంపెనీతో రచ్చకెక్కినది. 2009లో ప్రభుత్వము దానికి 53.5 కోట్ల డాలర్ల ఋణమునకు పూచీపడెను. సిలికాన్ పలకల ధర పడిపోగా 2011లో ఆ కంపెనీ దివాలా తీసెను. పత్రికలు ఆ ఒక్క పేరునే వల్లించినవి. అదే పథకమున అప్పు తీర్చిన కంపెనీల ఊసు తక్కువ.

మన నల్లమలలో ప్రశ్న వేఱు. నాగర్‌కర్నూలు జిల్లా మాచారమున 2025 మే 19న ప్రారంభమైన 'ఇందిర సౌర గిరి జల వికాసము'లో అప్పు లేదు. గిరిజన రైతుకు సౌరపంపు పూర్తి రాయితీతోనే. లక్ష్యము 6 లక్షల ఎకరములు, వ్యయము 12,600 కోట్ల రూపాయలు. అప్పు లేనిచోట ఎగవేత లేదు, నిజమే. అయితే ఋణమిచ్చినవాడు వసూలుకైనను వచ్చి పంపును చూచును. ఉచితముగా ఇచ్చినవాడు మరల వచ్చునా? మోటారు కాలిన నాడు చెంచు రైతు ఎవరి తలుపు తట్టవలెనని మేము అడుగుచున్నాము.