ద్వేషంతో దాడి జరిగితే: దెబ్బతోపాటు మాటనూ రాయించండి

ఇంటి ప్రార్థనను అడ్డుకోవడం, మందిరం తలుపులు విరగ్గొట్టడం, మతం పేరెత్తి తిట్టి కొట్టడం. ఇవి గాజువాకలో జరిగినా ఉక్కునగరంలో జరిగినా మామూలు గొడవలు కావు. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ‘ద్వేష నేరం’ అనే పేరుతో సెక్షన్ ఏదీ లేదు. కాబట్టి ఎందుకు కొట్టారో ఫిర్యాదులో లేకపోతే అది వీధి తగాదాగానే మిగిలిపోతుంది.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపారు. తమ దేశం విడిచి పొమ్మని నిందితుడు అరిచిన మాటలను అక్కడున్నవారు విని చెప్పారు. చివరికి అతడు ద్వేష నేరాన్ని ఒప్పుకున్నాడు. 2018లో ఫెడరల్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

మొదటి రోజు

ప్రమాదం ఇంకా పొంచి ఉంటే 112కు ఫోన్ చేయండి. గాయాలుంటే కేజీహెచ్‌కుగానీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికిగానీ వెళ్లి, దాడిలో తగిలినవని చెప్పి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. చిరిగిన బట్టలు ఉతకకండి. విరిగిన వస్తువులను సర్దకముందే ఫొటోలు తీయండి. సీసీ కెమెరా దృశ్యాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి, పక్క దుకాణాలవారిని వెంటనే అడగండి. వాళ్లు అన్న మాటలను అన్నవి అన్నట్టే, సమయంతో సహా, ఆ రాత్రే కాగితం మీద పెట్టండి. వీడియోలు వాట్సాప్‌లో పంచకండి, పోలీసులకివ్వండి.

పోలీస్ స్టేషన్‌లో

ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆరాధనను చెడగొడితే సెక్షన్ 300, మందిరాన్ని పాడుచేస్తే 298, మతాల మధ్య వైరం రేపితే 196 వర్తిస్తాయి. తీసుకోకపోతే నగర పోలీస్ కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు మీకు తెలపాలి. ఖాళీ కాగితాల మీద, చదవని రాజీపత్రాల మీద సంతకం పెట్టకండి.

దళిత క్రైస్తవులు ఒక సంగతి గమనించాలి. 1950 నాటి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసు చెల్లదంది. గిరిజనులకు ఈ మతపు షరతు లేదు. ఆ చట్టం అందకపోయినా న్యాయ సంహిత అందరికీ వర్తిస్తుంది, ఫిర్యాదు మానకండి. స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఫోన్ 15100.

క్షమించాలి కదా, కేసెందుకని కొందరు అడుగుతారు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టించి, రహస్యంగా పంపేయబోతే ఆయన ఒప్పుకోలేదు. అధికారులే వచ్చి తీసుకుపోవాలన్నాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో చదవవచ్చు. క్షమించడం మన హృదయంలో జరిగే పని. జరిగినదాన్ని నిజంగా చెప్పడం, రేపు మరో కుటుంబం దెబ్బ తినకుండా చేసే పని. దెబ్బ తిన్నవారిని స్టేషన్‌కు ఒంటరిగా పంపకండి. సంఘం నుంచి ఇద్దరు వెంట వెళ్లండి. వాయిదాల రోజుల్లోనూ వెళ్లండి.